ఏప్రిలా, ఆగస్టా, అసలు మ్యాచా? కిన్నిక్‌కి ఏ రోజు వెళ్తే మేలు

జులై సగం దాటిందంటే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, ఈసారి పిల్లల్ని అయోవా ఫుట్‌బాల్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఆగస్టులో ఫ్రీగా పెట్టే ప్రాక్టీస్ చూస్తే చాలా, డబ్బులు పెట్టి మ్యాచ్‌కే వెళ్లమంటావా?" అమెరికాలోని అయోవా రాష్ట్రం సీడర్ రాపిడ్స్‌లో విమానాల ఎలక్ట్రానిక్స్ పని మీద వచ్చిన మనవాళ్లు బాగానే ఉన్నారు. అక్కడి నుంచి, అయోవా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆడే కిన్నిక్ స్టేడియం ఉన్న అయోవా సిటీ కారులో అరగంట. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే ఒకేసారి రాసేస్తున్నాను.

ఆట నియమాలు మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో తెలియకపోతే ముందు టీవీలో రెండు మ్యాచ్‌లు చూసి రండి.

ముందు ఏప్రిల్ సంగతి. స్ప్రింగ్‌లో టీమ్‌కి 15 ప్రాక్టీస్‌లు చేసుకునే వీలుంది. వాటిలో చివరిదాన్ని సాధారణంగా జనం చూడటానికి తెరుస్తారు. కొన్నిచోట్ల ఈ స్ప్రింగ్ గేమే పెద్ద జాతర. 2007లో నిక్ సేబన్ కోచ్‌గా కొత్తగా వచ్చినప్పుడు అలబామాలో 92,138 మంది వచ్చారు. 2016లో ఒహాయో స్టేట్‌కి 1,00,189 మంది. అదీ ఉత్త ప్రాక్టీస్‌కి! మా దగ్గర ఆ హడావుడి ఉండదు. కర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచి ఇక్కడ హెడ్ కోచ్, ఆర్భాటం ఆయన పద్ధతి కాదు. పక్క రాష్ట్రం నెబ్రాస్కాలోనైతే జనం ముందు ఆడిస్తే చూసి, ఆటగాళ్లను వేరే యూనివర్సిటీలు ఎగరేసుకుపోతున్నాయని 2025లో స్ప్రింగ్ గేమే ఎత్తేశారు.

ఏప్రిల్‌తో నా పేచీ చలిగాలి గురించి కాదు, అక్కడ టీమ్ పూర్తిగా ఉండదు. వేసవిలో చేరే కుర్రాళ్లు ఇంకా రాలేదు, ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు పక్కన నిలబడి చూస్తుంటారు. 2025 వసంతంలో అందరూ చూడాలనుకున్నది సౌత్ డకోటా స్టేట్ నుంచి వచ్చిన, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ మార్క్ గ్రోనౌస్కీని. ఆయనేమో భుజం ఆపరేషన్ నుంచి కోలుకుంటూ ప్రాక్టీస్‌కి దూరంగా ఉన్నాడు. పెళ్లికొడుకు లేని పెళ్లి చూసి వచ్చినట్టయింది.

ఇక సెప్టెంబరులో జరిగే అసలు మ్యాచ్. కిన్నిక్ స్టేడియంలో 69,250 సీట్లు. మొదటి క్వార్టర్ అయిపోగానే జనమంతా లేచి, స్టేడియం పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి వైపు తిరిగి చేతులు ఊపుతారు. పై అంతస్తు అద్దాల వెనక నుంచి పిల్లలు తిరిగి ఊపుతారు. 2017లో మొదలైన అలవాటు ఇది. మొదటిసారి చూసినప్పుడు నా గొంతు పట్టేసింది, పక్కవాళ్లకి కనపడకుండా కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఆ ఒక్క నిమిషం కోసం మ్యాచ్‌కి వెళ్తానంటే నేను అడ్డు చెప్పను. వెళ్లండి.

కానీ "ఈ ఏడాది టీమ్ ఎలా ఉంది, మా పిల్లలకి ఆట అర్థమవుతుందా" అని అడిగితే మాత్రం మొదటి హోమ్ మ్యాచ్ మంచి సమాధానం కాదు. ఎదురుగా వచ్చేది చాలాసార్లు చిన్న టీమ్. 2025లో ఆల్బనీ మీద 34-7తో గెలిచాం. అదే గ్రోనౌస్కీ ఆ రోజు విసిరి సంపాదించింది 44 గజాలు. పరుగులతోనే పని జరిగిపోయింది కాబట్టి విసరాల్సిన అవసరం పెద్దగా రాలేదు. అతను పాస్‌లు వేయగలడా లేదా అని చూడ్డానికి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగొచ్చారు. పైగా మ్యాచ్‌లో అందరి కళ్లూ బంతి మీదే. ముందు వరసవాళ్లు నిలబడితే మీరూ నిలబడాలి, ఆరేళ్ల పిల్లకి మాత్రం ఎదుటివాళ్ల వీపులే కనిపిస్తాయి.

నా ఓటు ఆగస్టుకే. కిన్నిక్‌లోనే జరిగే ఆ ప్రాక్టీస్‌ని కిడ్స్ డే అంటారు, లోపలికి డబ్బులు కట్టక్కర్లేదు. ఆసుపత్రిలో వైద్యం పొందిన పిల్లల్లోంచి ఒక్కో మ్యాచ్‌కి ఒక్కరిని కిడ్ కెప్టెన్‌గా ఎంచుకుంటారు, వాళ్లనీ ఆ రోజు పిలుస్తారు. కానీ నేను వెళ్లేది అందుకు కాదు, ఐదుగురి కాళ్లు చూడ్డానికి.

ఎదుటివాళ్లను అడ్డుకుని తమవాళ్లకి దారి చేసే అఫెన్సివ్ లైన్‌లోని ఆ ఐదుగురినీ టీవీ ఎప్పుడూ సరిగా చూపించదు. స్నాప్ అవగానే (బంతి వెనక్కి అందగానే) కెమెరా బంతి వెంట పరుగెడుతుంది. ప్రాక్టీస్‌లో మాత్రం వాళ్లు ఒక మూలకు చేరి అదే అడుగును పదిసార్లు, ఇరవైసార్లు వేస్తారు. ఫెరెంట్జ్ ఎన్నో ఏళ్లుగా నమ్ముకున్న ఔట్‌సైడ్ జోన్ పరుగులో (బంతి పట్టినవాడు మైదానం అంచు వైపు పరుగెత్తే ఆట) ఐదుగురూ ఒకే క్షణంలో ఒకే పక్కకి కదలాలి. మూడు వందల పౌండ్ల మనిషి, కబడ్డీలో రైడర్ కాలు పట్టడానికి కాచుకున్నవాడిలా మోకాళ్లు వంచి, నడుము దించి, కుడికాలు జానెడు పక్కకి వేస్తాడు. ఐదు కాళ్లూ ఒకేసారి నేలకు తగిలితే ఒకటే చప్పుడు. ఒకడు అర క్షణం ఆలస్యమైతే చప్పుడు రెండుగా వినిపిస్తుంది, కోచ్ అరుపు మూడోది. కిన్నిక్‌లో సీట్లు గీతకు బాగా దగ్గర. జనం తక్కువున్న రోజు కాబట్టి కింది వరసలో కూర్చుంటే ఇవన్నీ చెవిన పడతాయి.

ఇక్కడి ఆటకు వెన్నెముక ఆ లైనే. దేశంలో అన్నిటికన్నా మంచి లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు 2016లో అయోవాకి వచ్చింది. 2021లో ఉత్తమ సెంటర్‌గా (లైన్ మధ్యలో ఉండి బంతిని వెనక్కి అందించేవాడు) రిమింగ్టన్ ట్రోఫీ గెలిచిన టైలర్ లిండర్‌బామ్ మొదట్లో డిఫెన్స్ వైపు ఆడేవాడు. ఆయన తర్వాత సెంటర్‌గా వచ్చిన లోగన్ జోన్స్‌దీ అదే కథ, పైగా అదే 65 నంబరు జెర్సీ. ఇలా అటు నుంచి ఇటు మారినవాడు ఎంతవరకు కుదురుకున్నాడో ప్రాక్టీస్‌లో చూస్తే తెలిసినంతగా స్కోరుబోర్డు చూస్తే తెలియదు.

అలాగని ఆగస్టులో కనిపించిందంతా నిజమనుకోకండి. నేనే బోల్తా పడ్డాను. 2023 ఆగస్టు 12న కేడ్ మెక్‌నమారాని చూడ్డానికే అందరం వెళ్లాం. మిషిగన్‌ని 2021లో ప్లేఆఫ్ దాకా నడిపించిన క్వార్టర్‌బ్యాక్ మా దగ్గరికి వచ్చాడన్న సంబరం. ఒక ఆటలో పక్కకి పరుగెత్తబోయి, ఎవరూ ముట్టుకోకుండానే, కాలు పట్టేసి ఆగిపోయాడు. స్టేడియం ఒక్కసారిగా చప్పబడిపోయింది. ఐస్‌క్రీమ్ తింటున్న మా చిన్నది కూడా "ఏమైంది నాన్నా" అంది. తిరుగు దారిలో కారులో వేరే మాట లేదు. ఆ కాలు గురించే.

అతను మొదటి మ్యాచ్‌కి దిగాడు. సెప్టెంబరు ఆఖరున మిషిగన్ స్టేట్‌తో ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగి ఆ సీజన్‌కి దూరమయ్యాడు. మిగిలిన మ్యాచ్‌లు డీకన్ హిల్ ఆడాడు. వేసిన పాస్‌లలో సగం కూడా చేరలేదు. మ్యాచ్‌కి సగటున 234.6 గజాలతో దేశంలోని పై స్థాయి 133 టీమ్‌లలో మా అఫెన్స్ ఆఖరి స్థానంలో నిలిచింది. (అయినా డిఫెన్స్, బంతిని దూరంగా తన్నే పంటర్ టోరీ టేలర్ పుణ్యమా అని 10 మ్యాచ్‌లు గెలిచాం. అదో వింత.) ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజు మెక్‌నమారా పక్కకి వెళ్లాక హిల్ ఎలా విసురుతున్నాడో చూడాల్సింది. నేను బెంచీ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇంకో సంగతి. ప్రీసీజన్‌లో 25 ప్రాక్టీస్‌లు ఉంటే వాటిలో పూర్తి ప్యాడ్లతో చేసేవి 9 దాటకూడదని 2021 నుంచి కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ నియమం. ప్రాక్టీస్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరూ పడగొట్టరు. అందుకని బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఒకడు ముప్పై గజాలు దూసుకుపోతే చప్పట్లు కొట్టండి గానీ, మ్యాచ్‌లో అతన్ని నడుం దగ్గరే పట్టి పడేసేవారేమో అన్న అనుమానం కూడా ఉంచుకోండి. కొత్త ప్లేలు ఏ కోచ్ అయినా జనం ముందు ఆడించడు. టచ్‌డౌన్ల లెక్క పక్కన పెట్టి రెండో వరస ఆటగాళ్లను, లైన్‌నీ చూస్తే మోసపోయేది తక్కువ.

ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ క్లిప్పులు చూస్తామనేవాళ్లూ ఉన్నారు. నలభై సెకన్ల వీడియోలో అందరూ హీరోలే. టీ తాగుతూ చూసుకోండి, అంతకుమించి కాదు. మా ప్రత్యర్థి అయోవా స్టేట్ ఉండే ఏమ్స్ వెళ్లి వాళ్ల మీద మ్యాచ్ చూడొచ్చా అంటే, చిన్నపిల్లలతో మొదటిసారికి వద్దు.

ఆగస్టుకే అనుకుంటే టోపీ, నీళ్లు మర్చిపోకండి. చుట్టూ మొక్కజొన్న చేలు వదిలే తేమకి అయోవా ఆగస్టు మన కోస్తా జిల్లాల్ని గుర్తు చేస్తుంది. ఏ వస్తువులు లోపలికి రానిస్తారో, ఆ ఏడాది ఆటోగ్రాఫ్‌లు ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. మొదట మైదానం మధ్యలోని యాభై గజాల గీత దగ్గర కూర్చోవాలనిపిస్తుంది. కూర్చోకండి. పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు ఏ మూల గుమిగూడితే ఆ మూలకి నడవండి. పిల్లలకి సెంటర్‌ని చూపించి, "బంతిని వదిలేయ్, వీడి కుడికాలు మాత్రమే చూడు" అనండి. మా చిన్నదానికి అలాగే అలవాటైంది. ఇప్పుడు టీవీలో మ్యాచ్ వస్తుంటే, కెమెరా బంతి వెంట వెళ్లగానే "నాన్నా, కాళ్లు పోయాయి" అని గోల చేస్తుంది.