యూ-బూట్, ఎక్స్ట్‌లినక్స్ జంట: ఏళ్ల తరబడి వాడాక

చిన్న ఆర్మ్ బోర్డుల మీద లినక్స్‌ను లేపడానికి యూ-బూట్ (బోర్డు ఆన్ కాగానే నడిచే బూట్‌లోడర్), అది చదివే ఎక్స్ట్‌లినక్స్ సెట్టింగుల ఫైలు ఇన్నేళ్లు వాడాక, మళ్లీ పాత బూట్ స్క్రిప్ట్ పద్ధతికి వెళ్లాలనిపించదు. అందులో ఒక్క అక్షరం మార్చినా ఫైలును మళ్లీ ఇమేజ్‌గా కట్టాలి. ఎక్స్ట్‌లినక్స్‌లో ఉన్నది మామూలు టెక్స్ట్ ఫైలు: కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్), ఎఫ్‌డీటీ (బోర్డు హార్డ్‌వేర్‌ను వివరించే డివైస్ ట్రీ ఫైలు), అపెండ్ (కెర్నల్‌కు ఇచ్చే ఆప్షన్లు), నాలుగే లైన్లు. పాత కెర్నల్‌ను రెండో లేబుల్‌గా (మెనూ ఎంట్రీగా) ఉంచితే, కొత్తది లేవనప్పుడు సీరియల్ కేబుల్ ద్వారా కనిపించే మెనూలో దాన్నే ఎంచుకోవచ్చు.

తలనొప్పంతా ఆ ఫైలు దాకా చేరడంలోనే. ఆల్‌విన్నర్ చిప్ ఎస్‌డీ కార్డులో 8 కిలోబైట్ల దగ్గర, అంటే 16వ సెక్టార్‌లో (సెక్టార్ అంటే 512 బైట్లు) బూట్‌లోడర్ కోసం చూస్తుంది. జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) 33వ సెక్టార్ దాకా పరుచుకుని ఉంటుంది కాబట్టి, అక్కడ రాస్తే పార్టిషన్లు గల్లంతే. ఎంబీఆర్ (పాత తరహా పట్టిక) వాడటం మేలు. హెచ్3, ఆ తర్వాతి చిప్‌లు 128 కిలోబైట్ల దగ్గర కూడా వెతుకుతాయి; వాటికి జీపీటీతో ఇబ్బంది లేదు. రాక్‌చిప్ ఆర్‌కే3399కు 64వ సెక్టార్‌లో ఐడీబీలోడర్ (మొదటి దశ లోడర్), 16384లో అసలు యూ-బూట్. మొదటి పార్టిషన్ 32768 నుంచి మొదలవ్వాలి. పార్టిషన్ టూల్ తనంతట తానిచ్చే 2048కి సరేనన్నారో, యూ-బూట్ రాసినప్పుడల్లా ఫైల్‌సిస్టమ్ చెడుతుంది. ఇదే చిప్ కార్డు కన్నా ముందు ఈఎంఎంసీని (బోర్డు మీదే ఉండే స్టోరేజీని) చూస్తుంది. అందులో పాత యూ-బూట్ మిగిలి ఉంటే కార్డులో ఎంత కొత్తది రాసినా ఫలితం ఉండదు.

సీరియల్ కేబుల్ లేకుండా ఈ పనికి దిగొద్దు. 3.3 వోల్టులదే కావాలి, 5 వోల్టులది పిన్నులను కాల్చేస్తుంది. ఆల్‌విన్నర్‌కు సీరియల్ వేగం (సెకనుకు బిట్లలో) 115200, రాక్‌చిప్‌కు 15,00,000. రెండోదాన్ని అందుకోలేని అడాప్టర్లు ఉన్నాయి. తెర మీద చెత్త అక్షరాలు వస్తే బోర్డును తిట్టే ముందు అడాప్టర్‌ను చూడండి.

'స్టార్టింగ్ కెర్నల్' దగ్గర అంతా నిశ్శబ్దమైతే రెండే అనుమానాలు: అపెండ్ లైన్‌లో కన్సోల్ పేరు తప్పు, లేదా డివైస్ ట్రీ వేరే బోర్డుది. ఎర్లీకాన్ (కెర్నల్ తొలి మెసేజ్‌లను ముందే చూపించే ఆప్షన్) చేర్చి చూస్తే ఏదో తేలిపోతుంది. ఎఫ్‌డీటీడిర్ (డివైస్ ట్రీలున్న ఫోల్డర్ మాత్రమే చెప్పే లైన్) ఇచ్చి ఊహకు వదలడం కన్నా ఎఫ్‌డీటీ ఫైలు పేరు పూర్తిగా రాయడమే నాకు నచ్చుతుంది.

రూట్ (అసలు సిస్టమ్ ఉన్న పార్టిషన్) ఏదో చెప్పే దగ్గర జరిగే పొరపాటు మరొకటి. కార్డు ఒకసారి ఎంఎంసీ 0, మరోసారి 1 అవుతుంది కాబట్టి యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాస్తాం. ఇనిట్‌ఆర్‌డీ లేకపోతే కెర్నల్‌కు ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ అర్థం కాదు, పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఇవ్వాలి. రూట్‌వెయిట్ కూడా చేర్చాలి, లేకుంటే కార్డు ఇంకా కనబడకముందే కెర్నల్ పానిక్ అయి ఆగిపోతుంది.

ఫైలు ఉన్నా యూ-బూట్‌కు కనబడలేదంటే పార్టిషన్‌కు బూట్ గుర్తు ఉందో లేదో చూడండి. గుర్తు ఎక్కడా లేకపోతే అది మొదటి పార్టిషన్‌నే వెతుకుతుంది. పాత యూ-బూట్ అయితే మెటాడేటా చెక్‌సమ్ ఉన్న ఎక్స్ట్4తో కూడా తడబడుతుంది. ఫార్మాట్ చేసేటప్పుడే ఆ ఫీచర్ తీసేయండి.