సలహాకు ఏది మేలు: ‘షుడ్’, ‘ఆట్ టు’, ‘హ్యాడ్ బెటర్’?

తెలుగులో పెద్దవారికి సలహా చెప్పవలసి వచ్చినప్పుడు మర్యాద ‘మీరు’లోనూ ‘అండి’లోనూ ఉంటుంది కనుక, ‘చూడాలండి’ అన్నా ‘చూస్తే మంచిదండి’ అన్నా వినేవారు నొచ్చుకోరు. ఇంగ్లీషులో నువ్వుకూ మీరుకూ కలిపి ఉన్నది ఒక్క ‘యు’ మాత్రమే కావడంతో, ఆ మర్యాదను చాలావరకు సహాయక క్రియే మోయవలసి వస్తుంది.

రోజువారీ సలహాకు ‘షుడ్’ చాలు. ‘యు షుడ్ సీ ఎ డాక్టర్’ అనేది అభిప్రాయం. అక్కడే ‘మస్ట్’ వేస్తే తప్పదని పట్టుబట్టినట్టు. మన ‘చూపించుకోవాలి’ ఈ రెంటికీ సరిపోతుంది కాబట్టే ఆ తేడా మనకు తొందరగా పట్టుబడదు. ‘ఆట్ టు’ది దాదాపు ‘షుడ్’ అర్థమే, కాకపోతే ధర్మం గుర్తుచేస్తున్న ధోరణి కాస్త ఎక్కువ. ప్రశ్నల్లో, వ్యతిరేకార్థంలో నేడు అరుదుగా వినిపిస్తుంది. పరీక్ష రాసేవారు దాని వెనుక ‘టు’ మరవకుంటే చాలు.

అసలు చిక్కు ‘హ్యాడ్ బెటర్’తోనే. ‘మీరు ఒకసారి ఫైలు చూసుకుంటే మంచిది’ అన్న మాటను మనసులో పెట్టుకొని, ‘మంచిది’కి ‘బెటర్’ అతికినట్టుందన్న ధీమాతో ‘యు హ్యాడ్ బెటర్ చెక్ ది ఫైల్’ అని పై అధికారికి మెయిల్ పంపితే, అటువైపు ‘చూసుకోకపోయారో, తర్వాత మీ ఇష్టం’ అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఆ మాటలో, పాటించకపోతే కీడు తప్పదన్న హెచ్చరిక దాగి ఉంటుంది. (‘హ్యాడ్’ ఎగరగొట్టి ‘యు బెటర్ చెక్’ అంటే మరీ మొరటు.) అదే చోట ‘యు మైట్ వాంట్ టు చెక్ ది ఫైల్’ అంటే, నిర్ణయం ఆయనకే వదిలినట్టవుతుంది. పైవారి విషయంలో నా ఓటు దానికే. వారికి ‘షుడ్’ కూడా ఒక్కోసారి పాఠం చెబుతున్నట్టే తోస్తుంది.

అలాగని ‘హ్యాడ్ బెటర్’ను పక్కన పెట్టనక్కరలేదు. రైలుకు ఇరవై నిమిషాలే ఉన్నప్పుడు ‘వి హ్యాడ్ బెటర్ లీవ్ నౌ’ అనడమే సరి. రూపం భూతకాలానిదైనా చెప్పేది ఇప్పటి సంగతే, వెనుక ‘టు’ రాదు, వద్దనడానికి ‘హ్యాడ్ బెటర్ నాట్’ అనాలి. తమకు తాము చెప్పుకున్నప్పుడైతే అందులో ఏ పదునూ ఉండదు: ‘ఐడ్ బెటర్ గో’ అంటే, ‘ఇక బయల్దేరతాను’ అని సెలవు తీసుకోవడమే.