దగ్గుకు ఐరిష్ పాలు: మల్లిన్ ఆకా, కారగీన్ నాచా?

మల్లిన్ ఒక మొక్క, కారగీన్ సముద్రపు నాచు. ఐర్లండ్ పల్లెల్లో దగ్గొస్తే ఈ రెండూ పాలలోనే కాచేవారు.

ఖర్చు: మల్లిన్ బంజరు నేలలో ఊరికే మొలుస్తుంది. కారగీన్‌ని పడమటి తీరంలో ఆటు సమయంలో రాళ్ల మీద ఏరుకోవచ్చు, ఎండినది కొనుక్కోవచ్చు.

శ్రమ: కారగీన్ జావలా చిక్కబడుతుంది. నిమ్మ, తేనె కలపకపోతే సముద్రం వాసనే! మల్లిన్ ఆకు నిండా ఉన్నిలాంటి నూగు. పల్చటి గుడ్డలో వడకట్టకపోతే గొంతు గరగర, ఉన్న దగ్గుకి ఇంకో దగ్గు.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. పూత రాని మల్లిన్ ఆకులు, ఫాక్స్‌గ్లవ్ అనే మరో మొక్క ఆకులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండోది గుండెకు విషం.

తోటలో విత్తి పెంచుకున్నవారికి మల్లిన్. కొత్తవారికి కారగీన్, థైరాయిడ్ ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే. రెండు వారాలు దాటిన దగ్గుకి రెండూ వద్దు, కఫం పరీక్షకి వెళ్లండి.