ఒక్క కణమా, కణాల గుంపా?

తెలిసిన ముఖం కనబడగానే గుర్తుపడతాం. ఆ గుర్తు మెదడులో ఏ రూపంలో ఉంటుంది?

ఒక జవాబు: మనకు తెలిసిన ఒక్కో మనిషికీ మెదడులో ఒక్కో నాడీకణం (న్యూరాన్). మెదడు పరిశోధకుడు జెరోమ్ లెట్విన్ 1969 ప్రాంతంలో సరదాగా చెప్పిన కథ నుంచి దీనికి ‘అమ్మమ్మ కణం’ అనే పేరొచ్చింది. వినడానికి సులువే. కానీ ఆ ఒక్క కణం చచ్చిపోతే అమ్మమ్మ కూడా గుర్తులేకుండా పోవాలిగా!

రెండోది గుంపు పద్ధతి. ఇక్కడ ఏ కణమూ ఒంటరిగా ఏమీ చెప్పదు, ఏవి ఎంతెంత స్పందించాయన్నదే అర్థం. రంగులే చూడండి. కంటిలో రంగులను పసిగట్టేవి కోన్ కణాలు. వాటిలో పసుపు కోసం ప్రత్యేకంగా ఏదీ లేదు. ఉన్న మూడు రకాల స్పందనలను పోల్చుకునే మెదడు అన్ని ఛాయలనూ పట్టేస్తుంది. పొదుపు కూడా ఎక్కువే: పది కణాలను విడివిడిగా వాడితే పది విషయాలు, వెలిగే-ఆరే కలయికలుగా వాడితే 1024.

మరి 2005లో బయటపడిన ‘జెన్నిఫర్ అనిస్టన్ న్యూరాన్’ సంగతి? మూర్ఛ రోగుల మెదడులో చికిత్స కోసం పెట్టిన ఎలక్ట్రోడ్లతో చూస్తే, ఒక కణం హాలీవుడ్ నటి జెన్నిఫర్ అనిస్టన్ రకరకాల ఫొటోలకు స్పందించింది. ఇంకో నటి హాలీ బెర్రీకి స్పందించిన మరో కణమైతే అక్షరాల్లో రాసిన ఆమె పేరుకు కూడా! మొదటి పక్షం గెలిచినట్టే అనిపిస్తుంది. నాకైతే నమ్మకం కుదరదు. చూపించినవి కొన్ని బొమ్మలే. కోట్ల కణాల్లో కొన్నింటిని తడిమితేనే అలాంటిది దొరికిందంటే, అనిస్టన్‌కు స్పందించేవి ఇంకా చాలానే ఉండాలి. అంటే అదీ గుంపే, కాకపోతే చిన్న గుంపు.