మురుగునీటి సిమ్యులేషన్‌కు ఇన్‌ఫ్లో డేటా: క్యూఎస్‌డీసాన్‌తో చాలాకాలం పనిచేశాక

మురుగునీటి శుద్ధి కేంద్రాల సిమ్యులేషన్ కోసం పైథాన్‌లో రాసిన క్యూఎస్‌డీసాన్ లైబ్రరీని చాలాకాలంగా వాడుతున్నాను. ఇక్కడ కేంద్రంలోకి వచ్చే నీటి డేటాను అందులోకి ఎక్కించే పని గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఫలితాల మంచిచెడ్డలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

ల్యాబ్ మనకిచ్చేది సీఓడీ (కాలుష్యాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్), బీఓడీ (సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టడానికి వాడే ఆక్సిజన్), టీఎస్‌ఎస్ (నీటిలో కరగకుండా తేలే ఘనపదార్థాలు), అమ్మోనియా వంటి మొత్తం విలువలు. శుద్ధి ట్యాంకులో సూక్ష్మజీవుల పనిని లెక్కగట్టే ఏఎస్‌ఎమ్1 మోడల్ అడిగేది ఆ సీఓడీలో తేలిగ్గా కుళ్లే కరిగిన భాగమెంత, నెమ్మదిగా కుళ్లే రేణువులెంత, అసలు కుళ్లనిదెంత అన్న విభజన. లైబ్రరీ సొంత కాంపోనెంట్ల జాబితాకైతే సీఓడీ నుంచీ బీఓడీ నుంచీ విభజించే పద్ధతులు సిద్ధంగా ఉన్నాయి గానీ, ఏఎస్‌ఎమ్1 వాడేటప్పుడు ఆ పని మనమే చేసుకోవాలి. మన దేశంలో ల్యాబులు బీఓడీని 27 డిగ్రీల వద్ద 3 రోజులకు కొలుస్తాయి, లైబ్రరీ లెక్క 5 రోజులది. అందుకే నేను ఎప్పుడూ సీఓడీనే పట్టుకుంటాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది, విడివిడి గాఢతలు ఇచ్చిన వెంటనే వేస్ట్‌స్ట్రీమ్ (లైబ్రరీలో ఒక నీటి ప్రవాహాన్ని సూచించే ఆబ్జెక్ట్) తిరిగి మొత్తం సీఓడీ, నైట్రోజన్, టీఎస్‌ఎస్ లెక్కగట్టి చూపడం. సిమ్యులేషన్లను పోల్చిచూసేందుకు అందరూ వాడే నమూనా కేంద్రమైన బీఎస్‌ఎమ్1 బెంచ్‌మార్క్ సగటు ఇన్‌ఫ్లోలో 30, 69.5, 51.2, 202.32, 28.17 అనే అయిదు సీఓడీ భాగాలు కలిస్తే లీటరుకు 381.19 మిల్లీగ్రాముల సీఓడీ అవుతుంది. మన విభజననూ ఇలాగే ల్యాబ్ రిపోర్టు పక్కన పెట్టి, సిమ్యులేషన్ నడపకముందే సరిచూసుకోవచ్చు.

యూనిట్ల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. గాఢతలతో ప్రవాహం నింపేటప్పుడు యూనిట్లు చెప్పకపోతే, ఇచ్చిన అంకెను గంటకు లీటర్లుగా తీసుకుంటుంది. మన కేంద్రాల్లో అందరూ మాట్లాడే ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు 1,000 ఘనమీటర్లు, గంటకు సుమారు 41,667 లీటర్లు. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) ఇంకా సున్నితమైనది. ల్యాబ్ దాన్ని కాల్షియం కార్బొనేట్‌గా లీటరుకు 350 మిల్లీగ్రాములు అని రాస్తుంది, బీఎస్‌ఎమ్1 పట్టికలో అదే ఘనమీటరుకు 7 మోల్‌లు, క్యూఎస్‌డీసాన్ అడిగేది కార్బన్ లెక్కలో లీటరుకు 84 మిల్లీగ్రాములు. 350ని అలాగే ఎక్కిస్తే ఆల్కలినిటీ నాలుగు రెట్లకు పైగా పెరిగి, నైట్రిఫికేషన్‌కు (అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మార్చడానికి) అది ఎక్కడ చాలదో ఫలితాల్లో కనిపించకుండా పోతుంది. ఈ మార్పిడికి లైబ్రరీలోనే ఒక హెచ్చరిక ఉంటే ఎంతో మేలు.

కాలంతో మారే డేటాకు డైనమిక్ ఇన్‌ఫ్లూయెంట్ యూనిట్ ఉంది. కాలం రోజుల్లో, ప్రవాహం రోజుకు ఘనమీటర్లలో ఉన్న ఫైలు ఇస్తే చాలు. డేటాలోని ఖాళీలను ముందే పైథాన్ డేటా లైబ్రరీ పాండాస్‌తో పూరించుకోవాలి. రెండు రీడింగుల మధ్య విలువలకు క్యూబిక్ స్ప్లైన్ (రీడింగులను నున్నటి వంపుతో కలిపే పద్ధతి) ఎండరోజుల్లో చక్కగా కుదురుతుంది, వాన పడి ప్రవాహం ఒక్కసారిగా ఎగసిన చోట మాత్రం వంపు అసలు రీడింగులను దాటిపోయి, ఒక్కోసారి గాఢత సున్నా కిందికి కూడా జారుతుంది. వానాకాలం డేటాకు నేను సరళరేఖ పద్ధతినే ఎంచుకుని, రోజు మొత్తం సీఓడీ భారం ల్యాబ్ లెక్కతో సరిపోయిందని చూసుకున్నాకే ముందుకు వెళతాను.