వాయిస్‌మెయిల్‌కి కాల్ పోవట్లేదని కార్డు మార్చకండి: పానసోనిక్ టీఈఎస్824 రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్తగా కొనేవాళ్ల కోసం కాదు. పానసోనిక్ ఈ ఆఫీసు ఇంటర్‌కామ్ వ్యాపారం నుంచే తప్పుకుంది, కాబట్టి ఇప్పుడు దొరికేదంతా పాత స్టాకూ సెకండ్ హ్యాండూనే. కానీ చిన్న ఆఫీసులు, క్లినిక్‌లు, లాడ్జీలు ఎన్నింటిలోనో ఈ కేఎక్స్-టీఈఎస్824 డబ్బా ఇప్పటికీ గోడకి వేలాడుతూ పని చేస్తూనే ఉంది. అది ఉండి, వాయిస్‌మెయిల్ దగ్గర విసిగిపోయినవాళ్ల కోసం ఈ రివ్యూ.

మాది హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. ఈ మెషిన్ మామూలుగా 3 బయటి లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లతో (అంటే లోపలి ఫోన్లతో) వస్తుంది, కార్డులు వేసుకుంటూ పోతే 8 లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల దాకా పెంచుకోవచ్చు. వాయిస్‌మెయిల్ కావాలంటే 82492 అనే కార్డు (మెషిన్ లోపల తగిలించే సర్క్యూట్ బోర్డు) విడిగా వేయించాలి. ఇంటర్‌కామ్‌గా అయితే దీనికి వంక పెట్టలేం. ఎండలకీ, కరెంటు హెచ్చుతగ్గులకీ తట్టుకుని నిలబడింది, మామూలు పాత ఫోన్ సెట్టు ఏది తగిలించినా పని చేస్తుంది. ఈ రోజుల్లో యాప్‌లూ లాగిన్‌లూ లేకుండా నంబర్ నొక్కితే మోగే వస్తువు ఒకటుండటమే హాయి.

మాకు సమస్య వచ్చింది ట్రాన్స్‌ఫర్‌లో. క్లయింట్ ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి సార్ ఎక్స్‌టెన్షన్ 104కి కలుపుతుంది, సార్ సీట్లో లేకపోతే అది వాయిస్‌మెయిల్‌కి పోవాలి. పోదు. కాసేపు మోగి మళ్లీ రిసెప్షన్‌కే వచ్చి పడుతుంది, ఆ అమ్మాయి కొత్త కాల్ అనుకుని "నమస్కారమండీ, చెప్పండి" అంటే, అవతల ఆయన మొత్తం కథ మళ్లీ మొదలుపెడతాడు. జూలై నెలాఖరులో, రిటర్నుల గడువు ముందు, ఇదే మూడు లైన్ల మీదా ఒకేసారి జరిగితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మెషిన్ పెట్టిపోయిన డీలర్ మనిషి వచ్చి చూసి, కార్డు పోయింది, మార్చాలి అన్నాడు. మెసేజ్‌లు వినపడుతున్నాయి కదా, గ్రీటింగ్ పలుకుతోంది కదా, నేరుగా 104కి లోపలి ఫోన్ నుంచి చేసి వదిలేస్తే వాయిస్‌మెయిల్‌కి చక్కగా పోతోంది కదా, మరి కార్డు ఎలా పోయిందయ్యా అంటే జవాబు లేదు. పాత మెషిన్ అనగానే ఏ లోపానికైనా ముందు కార్డు మీదే పడతారు, ఎందుకంటే కార్డుకి బిల్లు వేయొచ్చు, సెట్టింగ్‌కి వేయలేరు.

అసలు సంగతి రెండు టైమర్లు. ఒకటి ఫార్వర్డ్ నో ఆన్సర్ టైమ్, అంటే ఎక్స్‌టెన్షన్‌లో ఎత్తకపోతే ఎన్ని రింగుల తర్వాత వాయిస్‌మెయిల్‌కి పంపాలన్నది. రెండోది ట్రాన్స్‌ఫర్ రీకాల్ టైమ్, కలిపిన కాల్‌ని ఎవరూ ఎత్తకపోతే ఎప్పుడు కలిపినవాళ్లకే తిప్పి పంపాలన్నది. రీకాల్ టైమ్ తక్కువగా ఉంటే వాయిస్‌మెయిల్ వంతు రాకముందే కాల్ వెనక్కి వచ్చేస్తుంది. అందుకే లోపలి ఫోన్ నుంచి చేస్తే బాగానే ఉంటుంది (అక్కడ రీకాల్ అనేదే లేదు), కలిపితేనే తేడా. మా దాంట్లో ఎవరో క్లయింట్లు ఎక్కువసేపు వేచి ఉండకూడదని మంచి ఉద్దేశంతోనే రీకాల్‌ని బాగా తగ్గించి పెట్టారు. దాన్ని ఫార్వర్డ్ టైమ్ కన్నా బాగా పైకి పెంచితే కాల్స్ బుద్ధిగా వాయిస్‌మెయిల్‌కి పోతున్నాయి.

దీన్ని మార్చడానికి డిస్‌ప్లే ఉన్న పానసోనిక్ ఫోన్ (మా దగ్గర 7730 ఉంది) మొదటి జాక్‌కి తగిలించి, ప్రోగ్రామ్ బటన్, స్టార్, హ్యాష్, ఆ తర్వాత పాస్‌వర్డ్ నొక్కాలి. కంపెనీ ఇచ్చే పాస్‌వర్డ్ 1234, చాలా చోట్ల ఎవరూ మార్చనే మార్చరు. ఒక సన్నని డిస్‌ప్లేలో ఒక్కొక్క అంకె చూసుకుంటూ పోవాలి, కళ్లు పోతాయి, కానీ పని అవుతుంది. మార్చేముందు పాత విలువ కాగితం మీద రాసుకోండి.

ఇంకో తిరకాసు మామూలు సెట్లతో వస్తుంది. సార్ గదిలో 7730కి ట్రాన్స్‌ఫర్ బటనే ఉంది, గొడవ లేదు. స్టాఫ్ సీట్లలో ఉన్న సాదా ఫోన్లలో ఫ్లాష్ నొక్కి నంబర్ కొట్టాలి, అక్కడ కాల్ ఒక్కోసారి కట్ అవుతుంది, ఒక్కోసారి ఏమీ కాదు, నొక్కిన అంకెలు క్లయింట్ చెవిలో టింగ్ టింగ్ అని మోగుతాయి. ఫ్లాష్ బదులు రిసీవర్ పెట్టే చోట ఉండే నొక్కుడు బొడిపెని వేలితో టక్కున ఒకసారి కొట్టి చూడండి. అలా కొడితే డయల్ టోన్ వచ్చి, ఫ్లాష్ బటన్‌తో రాకపోతే, మెషిన్ తప్పేం లేదు, ఆ సెట్టు ఇచ్చే ఫ్లాష్ టైమ్ (బటన్ నొక్కితే లైన్ ఎంతసేపు తెగుతుందన్నది) మెషిన్‌కి సరిపోవట్లేదంతే. చాలా సెట్ల అడుగున 100, 300, 600 (మిల్లీసెకన్లు) అని చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని మార్చి చూస్తే సరి.

ఇక మనుషుల అలవాటు ఒకటుంది, దీనికి ఏ టైమరూ పనికిరాదు. 104 నంబర్ కొట్టాక సార్ ఎత్తుతారేమో అని రిసీవర్ పట్టుకుని కూర్చుంటే, వాయిస్‌మెయిల్ గ్రీటింగ్ మన చెవిలోనే పలుకుతుంది. ఆ తర్వాత పెట్టేస్తే క్లయింట్‌కి గ్రీటింగ్ వినపడదు, బీప్ ఎందుకొచ్చిందో తెలియదు, "హలో... హలో..." అని రికార్డయి ఊరుకుంటుంది. సార్ లేరని తెలిసినప్పుడు నంబర్ కొట్టగానే పెట్టేయమని చెప్పండి.

ఖాళీ మెసేజ్‌ల గోల వేరే. మెసేజ్ తెరిస్తే మాటేమీ ఉండదు, మొదటి నుంచి చివరిదాకా టూ టూ టూ అని బిజీ టోనే. అవతలివాళ్లు పెట్టేసినట్టు మెషిన్‌కి తెలియాలంటే లైన్‌లో కరెంటు ఒక క్షణం తెగి సంకేతం రావాలి, దాన్ని సీపీసీ అంటారు. అన్ని లైన్లలోనూ అది రాదు. మాకు రాగి తీగ నుంచి ఫైబర్‌కి మారిన లైన్ మీదే ఈ బెడద మొదలైంది, రెండు ఛానెళ్లే ఉన్న (అంటే ఒకేసారి రెండు కాల్స్ మాత్రమే తీసుకోగల) కార్డులో ఒకటి ఆ టోన్ వింటూ కూర్చుంటే నిజమైన క్లయింట్‌కి చోటుండదు. ముందు ఫైబర్ మోడెమ్‌లో ఆ సంకేతం ఇచ్చే సెట్టింగ్ ఉందేమో లైన్ ఇచ్చినవాళ్లని అడగండి, లేదంటే రికార్డింగ్ నిడివిని తగ్గించి పెట్టుకోండి. పూర్తి మందు కాదు గానీ, గోల తగ్గుతుంది.

మెషిన్‌కి నా వంతు నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఈ రెండు టైమర్లకీ సంబంధం ఉందని మాన్యువల్‌లో నాకు కనపడేలా ఒక చోట చెప్పి ఉంటే నాలాంటివాళ్లకి ఇంత టెన్షన్ ఉండేది కాదు. డీలర్ సర్వీసుకి మాత్రం ఒక్కటే, అది కూడా ఫోన్ ఎత్తాడు కాబట్టి. నిజంగానే కార్డు పోతే, కొత్తది కొనేముందు కోఠి గుజరాతీ గల్లీలో ఒకసారి అడిగి చూడండి, పాత కార్డయినా సరే, ముందు మీ మెషిన్‌లో పెట్టి నడిపి చూపిస్తేనే డబ్బులివ్వండి.