టెర్మినల్‌లో రంగులకు ఏది మేలు: నేరుగా కోడా, టీపుట్టా, రిచ్ లైబ్రరీనా?

టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెర మీద, స్క్రిప్ట్ రన్ చేస్తే వందల లైన్లు గబగబా వచ్చేస్తాయి. వాటిలో ఎర్రర్ ఒక్కటే ఉంటుంది. అది ఎర్రగా ఉంటే కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది, లేదంటే పైకీ కిందికీ స్క్రోల్ చేస్తూ వెతుక్కోవాలి. ఆ రంగు తెప్పించడానికి మూడు దారులున్నాయి. ఎస్కేప్ కోడ్‌లు, అంటే తెరకు రంగు మార్చమని చెప్పే అక్షరాల వరుసలు, మనమే రాయడం, టీపుట్ కమాండ్‌ను అడగడం, లేదా పైథాన్‌లో రిచ్ లాంటి లైబ్రరీ వాడటం.

మొదటిది అన్నిటికంటే సూటి దారి. టెక్స్ట్‌కు ముందు ఎస్కేప్ అక్షరం, అంటే బ్యాక్‌స్లాష్ 033, ఆ వెంటనే ఎడమ స్క్వేర్ బ్రాకెట్, రంగు నంబర్, చివర చిన్న ఎమ్. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు. 0 ఇస్తే మళ్లీ మామూలు రంగు వస్తుంది. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌తో ఈ తరహా కోడ్‌లు బాగా పాకాయి, దాని తెరకు మాత్రం రంగులు లేవు. ఇప్పుడు లినక్స్, మ్యాక్ టెర్మినల్స్‌లో ఇవి మామూలే. విండోస్ 10 కన్సోల్‌కు కూడా 2016 నాటికి ఇవి వచ్చాయి, కాకపోతే అక్కడ ప్రోగ్రామే ఆ మోడ్‌ను ఆన్ చేయాల్సి రావచ్చు.

ఒక జాగ్రత్త. షెల్‌లో, అంటే మన కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌లో, వీటిని ఎకో కమాండ్‌తో కాకుండా ప్రింట్‌ఎఫ్‌తో రాయండి. బ్యాష్ అనే షెల్‌లో హైఫన్ ఈ పెట్టిన ఎకో బాగానే పని చేస్తుంది, కానీ ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డాష్ షెల్. అది ఆ హైఫన్ ఈని కూడా తెర మీద అచ్చు వేసేస్తుంది. బ్యాక్‌స్లాష్ ఈ, బ్యాక్‌స్లాష్ ఎక్స్1బి రూపాలు కూడా అన్ని షెల్స్‌లో నడవవు. 033 నడుస్తుంది.

ఇక టీపుట్. ఇది టెర్మినల్ రకం పేరు ఉండే టర్మ్ వేరియబుల్ చూసి, ఏ టెర్మినల్‌కు ఏ కోడ్ అని రాసి ఉన్న టెర్మిన్ఫో డేటాబేస్‌లో వెతికి, ఆ టెర్మినల్‌కు సరిపోయే కోడ్ ఇస్తుంది. సెట్‌ఏఎఫ్ 1 అంటే ఎరుపు, ఎస్‌జీఆర్0 అంటే రీసెట్. నంబర్ల కన్నా చదవడానికి హాయి, పద్ధతిగా కూడా ఉంటుంది. అయినా నేను దీనికి రెండో స్థానమే ఇస్తాను. చెప్పిన టైమ్‌కు పనులు నడిపే క్రాన్‌లో స్క్రిప్ట్ నడిచేటప్పుడు సాధారణంగా టర్మ్ సెట్ అయి ఉండదు, అప్పుడు టీపుట్ రంగు ఇవ్వకపోగా తన ఎర్రర్ మెసేజ్ కూడా కలుపుతుంది. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ కంటైనర్‌లో ఎన్‌కర్సెస్ ప్యాకేజీ వేస్తే తప్ప ఆ కమాండే ఉండదు. పైగా పిలిచిన ప్రతిసారీ కొత్త ప్రాసెస్ మొదలవుతుంది. కాబట్టి వాడేవాళ్లు స్క్రిప్ట్ మొదట్లోనే రంగులను వేరియబుల్స్‌లో పెట్టుకోవాలి.

చాలామంది టీపుట్ వాడితే అన్నీ అదే చూసుకుంటుందనుకుంటారు. అవుట్‌పుట్ ఫైల్‌లోకి వెళ్తోందా, తెర మీదికి వెళ్తోందా అన్నది అది చూడదు. వేరియబుల్‌లో పెట్టుకున్న కోడ్ ఫైల్‌లోకీ వెళ్లిపోతుంది, రేపు ఆ లాగ్ తెరిస్తే మధ్య మధ్యలో 31ఎమ్, 0ఎమ్ అని చెత్త కనిపిస్తుంది. అందుకే మొదటి రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా, టెస్ట్ కమాండ్‌లో హైఫన్ టీ 1 పెట్టి, స్టాండర్డ్ అవుట్‌పుట్ నిజంగా టెర్మినలేనా అని చూడాలి. టెర్మినల్ కాకపోతే రంగు వేరియబుల్స్ ఖాళీగా ఉంచాలి. ఎల్‌ఎస్, గ్రెప్‌లలో కలర్ ఆప్షన్‌కు ఆటో అని ఇస్తే అవి చేసేది కూడా ఇదే. నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏదైనా విలువ ఉంటే రంగులు మానేయడం కూడా మర్యాద. ఆ యూజర్‌కు రంగులు వద్దన్నమాట.

పైథాన్ టూల్ అయితే నా ఓటు రిచ్‌కే. పై చెకింగ్‌లన్నీ అదే చేస్తుంది. కోటి అరవై ఏడు లక్షల రంగుల్లో మీరు ఏది అడిగినా, టెర్మినల్‌కు 256 రంగులే వస్తే వాటిలోంచి దగ్గరి దాన్ని ఎంచుకుంటుంది. టేబుల్స్, ప్రోగ్రెస్ బార్ అదనం. ఇబ్బంది ఒకటుంది. స్క్వేర్ బ్రాకెట్లలో రాసినదాన్ని అది స్టైల్ ట్యాగ్ అనుకుంటుంది, దాంతో మీ లాగ్ లైన్‌లో బ్రాకెట్ల మధ్య ఉన్న చిన్న అక్షరాల మాట మాయం కావచ్చు. బయటి నుంచి వచ్చే టెక్స్ట్‌ను ఎస్కేప్ ఫంక్షన్‌తో పంపండి, లేదా మార్కప్, అంటే ఆ ట్యాగ్‌లను చదవడం, ఆపేయండి. విండోస్‌లో నాలుగు రంగుల కోసమే అయితే కలరామా అనే చిన్న పైథాన్ లైబ్రరీ సరిపోతుంది.

షెల్ స్క్రిప్ట్‌కైతే నేరుగా కోడ్, దాని చుట్టూ హైఫన్ టీ చెక్. ఇంతకు మించి అక్కర్లేదు. పాత, వింత టెర్మినల్స్‌తో నిజంగా పనిబడితే టీపుట్‌కు వెళ్లండి.

ఏ దారిలో వెళ్లినా మొదటి 16 రంగుల్లోనే ఉండమంటాను. యూజర్ పెట్టుకున్న థీమ్‌ను బట్టి మారేవి అవే. వాటిలోనూ 34, అంటే నీలం, నల్ల తెర మీద చాలా థీమ్‌లలో చదవలేం; తెల్ల తెర మీద పసుపు పరిస్థితీ అంతే. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని వాళ్లూ మన టూల్ వాడతారు కాబట్టి, రంగుతో పాటు ఎర్రర్, ఓకే అన్న మాటలు కూడా లైన్‌లో రాయండి.